గంట ఆపినంత మాత్రాన లోపం పోదు

ఆరోగ్య పాఠం: ఆసుపత్రిలోని ఫైర్ అలారం గురించి తెలుసుకుందాం



ఈ శీర్షికలో మేము మామూలుగా బి.పి., షుగరు, పిల్లల టీకాలు, బాలింతల ఆహారం వంటి సంగతులు రాస్తూ ఉంటాము. ఈసారి గోడకు తగిలించిన ఒక పెట్టె గురించి రాస్తున్నాము. ప్రతి అంతస్తులో నర్సుల స్టేషను దగ్గర ఆ పెట్టె ఉంటుంది. దాని మీద చిన్న దీపాలు, అక్షరాలు కనిపించే తెర, కొన్ని బటన్లు ఉంటాయి. అప్పుడప్పుడు అది సన్నగా "కీ... కీ..." మంటుంది.

రోగుల వెంట ఉండే బంధువులు దాని గురించి మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "సిస్టర్ గారూ, అది అరుస్తుంటే ఎవరూ పరుగెత్తరేమిటి?" అని కొందరు. "ఆ గోల కాస్త ఆపేయండమ్మా, మా నాన్నకు నిద్ర పట్టడం లేదు" అని మరికొందరు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండింటికీ జవాబు ఈ పాఠంలో ఉంది. ఓపికగా చివరి వరకు చదవండి.

ఇది మనకెందుకు?

ఇంట్లో పొగ వస్తే పిల్లలను చంకనెత్తుకుని వాకిట్లోకి పరుగెత్తుతాము. ఆసుపత్రిలో ఆ వీలు లేదు. తొడ ఎముక విరిగి కాలికి బరువు కట్టించుకున్న మనిషి, వెంటిలేటరు మీద ఉన్న పెద్దాయన, నెలలు నిండక పెట్టెలో ఉంచిన శిశువు, నిన్న రాత్రి సిజేరియన్ అయిన తల్లి - వీరెవరూ తమంతట తాము మెట్లు దిగలేరు. ఐసీయూలో ఒక్క రోగిని కదిలించాలంటే ఆక్సిజన్ సిలిండరు, సెలైను, మానిటరు, వీటితో పాటు ముగ్గురు నలుగురు మనుషులు కావాలి. అందుకని ఆసుపత్రిలో అగ్నిప్రమాదమప్పుడు అన్నిటికంటె విలువైనది సమయం. నిప్పు చిన్నగా ఉన్నప్పుడే కబురు అందితే ఆ సమయం దొరుకుతుంది.

2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి నేలమాళిగలో నిప్పు పుట్టింది. పొగ పై అంతస్తులకు పాకి సుమారు 90 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మన విజయవాడలో, కోవిడ్ రోగులను ఉంచిన ఒక హోటలులో అగ్నిప్రమాదం జరిగి 10 మంది మరణించారు. 2021 జనవరి 9న, అర్ధరాత్రి దాటిన తర్వాత, మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగంలో నిప్పు అంటుకుని 10 మంది పసికందులు కన్నుమూశారు.

ఈ మూడూ జనం నిద్రలో ఉండే వేళ జరిగినవే. ఆ వేళలో వార్డులో మెలకువగా ఉండేది ఒకరిద్దరు నర్సులు. వారు కూడా ఒకే సమయంలో అన్ని గదులనూ చూడలేరు. వారికి తోడుగా పైకప్పులో కళ్లు తెరుచుకుని ఉండేదే ఫైర్ అలారం. ఆ కళ్లు పని చేస్తున్నాయా లేదా అన్నది రోగి ప్రాణానికి సంబంధించిన విషయం. అందుకే దీనిని ఆరోగ్య పాఠంగానే రాస్తున్నాము.

అలారంలో ఏమేమి ఉంటాయి?

1. స్మోక్ డిటెక్టరు: పైకప్పుకు బోర్లించిన తెల్లని చిప్పలాంటిది. లోపల చిన్న చీకటి గది, అందులో ఒక వెలుగు, ఆ వెలుగు నేరుగా పడని చోట ఒక కన్ను ఉంటాయి. పొగ లోపలికి వస్తే వెలుగు చెదిరి ఆ కంటి మీద పడుతుంది. వెంటనే డిటెక్టరు కబురు పంపుతుంది.

2. హీట్ డిటెక్టరు: వంటగది వంటి చోట్ల పొగ, ఆవిరి మామూలే కాబట్టి అక్కడ వేడిని బట్టి పనిచేసే దీనిని పెడతారు.

3. గోడ మీది ఎర్ర డబ్బా: మంటను ముందు మనిషే చూస్తే దీని మీది గాజును పగులగొట్టి లేదా నొక్కి కబురు ఇవ్వవచ్చు. మెట్ల దగ్గర, బయటి ద్వారాల దగ్గర ఉంటుంది.

4. హూటరు: ప్రమాదమప్పుడు గట్టిగా మోగేది ఇదే.

5. ప్యానెల్: ఇదే మనం చెప్పుకుంటున్న పెట్టె. డిటెక్టర్లన్నీ దీనికే కబురు చెబుతాయి. ప్రతి రోగికి బెడ్డు నంబరు ఉన్నట్టే ప్రతి డిటెక్టరుకూ ఒక నంబరు ఉంటుంది. ఫలానా అంతస్తు, ఫలానా గది అని ప్యానెల్ తెర మీద కనబడుతుంది.

6. బ్యాటరీలు: కరెంటు పోయినా ప్యానెల్ నిద్రపోకూడదు. సాధారణంగా 24 గంటల పాటు కాపలా కాసి, ఆ తర్వాత కూడా అరగంట హూటర్లు మోగించగలిగే బ్యాటరీలు పెడతారు.

మన దేశంలో ఈ ఏర్పాటు ఎలా ఉండాలో, ఎలా కాపాడుకోవాలో చెప్పే ప్రమాణం ఐ.ఎస్. 2189. భవనాల అగ్ని భద్రత గురించి 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగవ భాగం వివరంగా చెబుతుంది.

అంతస్తుకొక ప్యానెల్ ఎందుకు?

చిన్న భవనానికి ఒక ప్యానెల్ చాలు. ఐదంతస్తుల ఆసుపత్రికి అంతస్తుకొకటి పెట్టి, వాటన్నిటినీ కేబుల్‌తో కలుపుతారు. దీనినే నెట్‌వర్క్ అంటారు. పై అంతస్తులో పొగ వస్తే కింద గేటు దగ్గరి సెక్యూరిటీకి, రాత్రి డ్యూటీ సూపర్‌వైజరుకు, పక్క అంతస్తు నర్సులకు ఒకేసారి తెలియాలన్నదే దాని ఉద్దేశం.

ఉదాహరణకు కింది అంతస్తు ప్యానెల్‌కు 1, దాని పైదానికి 2, అలా అన్నిటికంటె పైదానికి 5 అని నంబర్లు అనుకుందాం. కేబుల్ 1 నుంచి 2కు, 2 నుంచి 3కు, 3 నుంచి 4కు, 4 నుంచి 5కు వెళ్తుంది. 5 దగ్గర ఆగిపోకుండా మరో దారిలో మళ్లీ 1కి వస్తుంది. గాజులాగా గుండ్రంగా కలిసిపోతుంది. అందువల్ల ఒకచోట కేబుల్ తెగినా కబురు రెండో వైపు నుంచి తిరిగి వస్తుంది. ఊరి చుట్టూ రోడ్డు ఉంటే ఒకవైపు చెట్టు పడినా మరోవైపు నుంచి ఇల్లు చేరుకున్నట్టే.

రెండు రకాల పిలుపు

ఎర్ర దీపం వెలిగి, హూటర్లు గట్టిగా మోగితే అది "నిప్పు" అనే పిలుపు. పసుపు దీపం వెలిగి, ప్యానెల్ మాత్రమే సన్నగా అరిస్తే అది "నాకే ఒంట్లో బాగాలేదు" అనే పిలుపు. ఏదో వైరు ఊడింది, ఏదో బ్యాటరీ చచ్చింది, పక్క ప్యానెల్ పలకడం లేదు అని దాని అర్థం. ఎవరూ పరుగెత్తకపోవడానికి కారణం ఇదే. అప్పటికి అక్కడ మంట లేదు. కాని మంట వస్తే చెప్పగలిగే శక్తి కొంత తగ్గింది.

ఐసీయూలో మేము చేసే పని ఒకటి చెబుతాము. గుండె మానిటరు మీద గీత సూటిగా వచ్చి గంట మోగితే ముందు రోగి దగ్గరకు పరుగెత్తుతాము. రోగి బాగానే ఉండి, ఛాతీకి అంటించిన పట్టీ ఊడిందని తేలిందనుకోండి. హమ్మయ్య అనుకుంటాము గాని, పట్టీని అలాగే వదిలేయము. ఎందుకంటే అది ఊడినంత సేపు ఆ రోగి గుండెను ఎవరూ చూడడం లేదన్నమాట. ప్యానెల్ మీది పసుపు దీపం కూడా అంతే. దానికి పరుగు అక్కర్లేదు, కాని నిర్లక్ష్యం పనికిరాదు.

సైలెన్స్ బటను మందు కాదు

ప్యానెల్ మీద "సైలెన్స్", "రీసెట్" అనే బటన్లు ఉంటాయి. సైలెన్స్ నొక్కితే చప్పుడు ఆగుతుంది. లోపం అలాగే ఉంటుంది, పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది. జ్వరానికి పారాసిటమాల్ వేస్తే ఒళ్లు చల్లబడుతుంది గాని మలేరియా పోదు కదా! ఇదీ అలాంటిదే. చప్పుడు ఆపడం తప్పు కాదు, రోగులకు నిద్ర కావాలి. కాని ఆపిన వారు ఆ పూటే లాగ్ పుస్తకంలో రాసి, మెయింటెనెన్స్ వారికి ఫోను చేయాలి. చప్పుడు ఆపి ఊరుకుంటే వారం తర్వాత ఆ పసుపు దీపం గోడకు ఒక అలంకారం అయిపోతుంది. దాని వంక ఎవరూ చూడరు.

రీసెట్ ఇంకా జాగ్రత్తగా వాడవలసినది. ఎర్ర దీపం వెలిగినప్పుడు ప్యానెల్ చెప్పిన చోటికి మనిషి స్వయంగా వెళ్లి, కంటితో చూసి, ప్రమాదం లేదని తేలిన తర్వాతే రీసెట్ నొక్కాలి. ముందే నొక్కితే ఏ డిటెక్టరు పిలిచిందో ఆ గుర్తు తెర మీద నుంచి పోతుంది.

మరొక దీపం కూడా ఉంటుంది. ఏదైనా గదికి రంగులు వేసేటప్పుడు, గోడలు తొలిచేటప్పుడు అక్కడి డిటెక్టరును తాత్కాలికంగా ఆపి ఉంచుతారు. అలా ఆపి ఉంచినంత కాలం ఆ దీపం వెలుగుతుంది. పని అయిపోయాక మళ్లీ కలపడం మరిచిపోతే ఆ గదికి కాపలా లేనట్టే. డిటెక్టరుకు దుమ్ము పట్టకుండా తొడిగిన ప్లాస్టిక్ మూతను తీయడం మరిచినా అంతే.

లోపం ఎలా వెతుకుతారు?

ప్యానెల్ తలుపు తెరిచి పనిచేయవలసింది శిక్షణ పొందిన టెక్నీషియన్ మాత్రమే. అయినా వారు వెతికే పద్ధతి తెలిస్తే మనం ఇచ్చే సమాచారం వారికి పనికి వస్తుంది. ఆ పద్ధతి డాక్టరు రోగిని పరీక్షించే పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. ముందు అడగడం, తర్వాత చూడడం, ఆ తర్వాతే ముట్టుకోవడం.

మొదటిది, అన్ని ప్యానెళ్లనూ అడగాలి. కింద 1వ ప్యానెల్ మీద "4 పలకడం లేదు" అని వచ్చిందనుకోండి. వెంటనే కేబుల్ విప్పడం మొదలుపెట్టకూడదు. పైకి వెళ్లి 4 ఏమంటోందో చూడాలి. ఒక్క ప్యానెల్ మాట విని తీర్పు చెప్పకూడదు. దాదాపు ఎప్పుడూ జవాబు ఈ నాలుగింటిలో ఒకటి అవుతుంది:

(అ) 4వ ప్యానెల్ దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. అంటే నెట్‌వర్క్ జబ్బు కాదు, దానికి కరెంటు అందడం లేదు, బ్యాటరీ కూడా అయిపోయింది. ఫ్యూజు, స్విచ్చి, బ్యాటరీ చూడాలి.

(ఆ) 4 బాగానే వెలుగుతోంది, కాని "నాకు 1, 2, 3, 5 ఎవరూ కనిపించడం లేదు" అంటోంది. మిగతావన్నీ "4 ఒక్కటే కనిపించడం లేదు" అంటున్నాయి. అంటే 4లోని నెట్‌వర్క్ కార్డు చెడి ఉండాలి, లేదా దానికి రెండు వైపులా కేబుల్ ఊడి ఉండాలి.

(ఇ) అన్ని ప్యానెళ్లూ ఒకదానికొకటి కనిపిస్తున్నాయి, కాని "గొలుసు ఒకచోట తెగింది" అని హెచ్చరిక వస్తోంది. 3వ ప్యానెల్ తన పై వైపు సంకేతం లేదంటోంది, 4వ ప్యానెల్ తన కింది వైపు లేదంటోంది. అయితే లోపం ఈ రెండింటి మధ్య కేబుల్‌లోనే ఉంది. మిగతా భవనమంతా వెతకనక్కరలేదు.

(ఈ) 3, 4 ఒకదానికొకటి కనిపిస్తున్నాయి. 5, 1, 2 ఒకదానికొకటి కనిపిస్తున్నాయి. కాని ఈ గుంపుకు ఆ గుంపు కనిపించడం లేదు. అంటే గొలుసు రెండుచోట్ల తెగింది. 2-3 మధ్య ఒకటి, 4-5 మధ్య ఒకటి.

ఈ చివరి రెండింటినీ మరోసారి చదవండి. అసలు పాఠం ఇక్కడే ఉంది. (ఇ)లో ఒకచోట తెగినా అన్నీ పని చేస్తూనే ఉంటాయి. పరీక్షకు ఏ డిటెక్టరుకు పొగ చూపినా కింద తెలుస్తుంది. అందుకే "పని చేస్తోంది కదా, తర్వాత చూద్దాం" అనిపిస్తుంది. అది వారాలు, నెలలు అలా ఉండిపోతుంది. ఒక వాన రాత్రి రెండోచోట తెగితే క్షణంలో (ఈ) అవుతుంది. అప్పుడు 3, 4 అంతస్తులలో పొగ వస్తే ఆ రెండు అంతస్తులలోనే తెలుస్తుంది. కింద గేటు దగ్గర ఉన్న మనిషికి తెలియదు. ఫైరింజనుకు ఫోను చేయవలసిన వారికి తెలియదు. పై అంతస్తు నర్సుకు తెలియదు. మొదటి తెగుడు ఒక హెచ్చరిక, దానిని సరిచేయడానికి మనకు దొరికిన గడువు. రెండోది ఆ గడువు ముగియడం.

రెండవది, కరెంటు, బ్యాటరీ చూడాలి. ఎన్నో వింత లోపాలకు మూలం నీరసించిన బ్యాటరీయే. కరెంటు ఉన్నప్పుడు అంతా బాగుంటుంది, పోగానే ప్యానెల్ తడబడుతుంది. అందుకే బ్యాటరీని మీటరు పెట్టి చూస్తే చాలదు. కరెంటు ఆపి, ప్యానెల్ దాని మీద నిలబడగలుగుతుందో లేదో చూడాలి.

మూడవది, ఈ మధ్య ఏమి మారిందో అడగాలి. ఏసీ కోసం గోడ తొలిచారా? కొత్త ప్యానెల్ పెట్టారా? కొత్తదానికి పొరపాటున వేరొకదాని నంబరే ఇస్తే, ఒకే పేరు గల ఇద్దరు రోగుల కేసుషీట్లు కలిసిపోయినట్టు, రెండు ప్యానెళ్లూ తికమక పడతాయి. ఎలుకలు కేబుల్ కొరకడం, స్క్రూలు వదులు కావడం, గోడలోకి నీరు దిగడం కూడా తరచుగా కనిపించే కారణాలే.

నాలుగవది, ఎప్పుడు వస్తోందో చూడాలి. వచ్చిపోయే లోపం పట్టుకోవడం అన్నిటికంటె కష్టం. టెక్నీషియన్ వచ్చేసరికి అది మాయమవుతుంది. ఇక్కడే నర్సులు రాసే లాగ్ పుస్తకం ఉపయోగపడుతుంది. రోగికి టెంపరేచర్ చార్టు రాస్తే సాయంత్రం పూట మాత్రమే జ్వరం వస్తోందని తెలుస్తుంది కదా! అలాగే తేదీ, వేళ, తెర మీది మాటలు రాసి ఉంచితే, వాన పడిన రోజులలోనే వస్తోందని తెలిస్తే నీటి చెమ్మను అనుమానించవచ్చు. లిఫ్టు తిరిగినప్పుడల్లా వస్తోందంటే లిఫ్టు మోటారు వైర్ల పక్కనే అలారం కేబుల్ వేశారేమో చూడవచ్చు.

ఐదవది, సరిచేశాక నిజంగా పరీక్షించాలి. పసుపు దీపం ఆరితే పని అయిపోయినట్టు కాదు. ఆ అంతస్తులో ఒక డిటెక్టరుకు పరీక్ష పొగ చూపించి, కింద 1వ ప్యానెల్ మీద సరైన గది పేరు వచ్చిందా, హూటర్లు మోగాయా, అన్నీ చూడాలి. గొలుసును కావాలని ఒకచోట విడదీసి, కబురు రెండోవైపు నుంచి వస్తోందో లేదో కూడా చూడాలి. పని జరుగుతున్నంత సేపు ఆ అంతస్తులో ఒక మనిషి గదిగదికీ తిరుగుతూ కాపలా కాయాలి. యంత్రం కళ్లు మూసుకున్నప్పుడు మనిషి కళ్లు తెరిచి ఉండాలి.

ఊరికే మోగకుండా మీరు చేయగల సహాయం

ఊరికే మోగే అలారం వల్ల వచ్చే పెద్ద నష్టం చప్పుడు కాదు, నమ్మకం పోవడం. "నాన్నా పులి" కథ మీకు తెలిసినదే. నాలుగుసార్లు ఊరికే మోగితే ఐదోసారి నిజంగా మోగినా ఎవరూ మంచం మీద నుంచి లేవరు. కాబట్టి దయచేసి ఇవి పాటించండి:

- వార్డులో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట వెలిగించవద్దు. ప్రార్థన కోసమైనా, పుట్టినరోజు కోసమైనా కొవ్వొత్తి వెలిగించవద్దు. ఆక్సిజన్ వాడే చోట చిన్న నిప్పు కూడా పెద్ద ప్రమాదం.
- బాత్రూములో బీడీ, సిగరెట్టు కాల్చవద్దు.
- గదిలో ఎలక్ట్రిక్ స్టవ్ మీద పాలు కాచడం, కెటిల్‌తో నీళ్లు మరిగించడం చేయవద్దు. ఆవిరికి కూడా డిటెక్టరు మోగవచ్చు.
- డిటెక్టరుకు బట్ట కట్టడం, బెలూన్లు వేలాడదీయడం, ప్లాస్టిక్ కవరు తొడగడం చేయవద్దు.
- ఎర్ర డబ్బాతో పిల్లలను ఆడుకోనివ్వవద్దు.
- మెట్ల మీద, వరండాలో దారికి అడ్డంగా చాపలు, సామాను పరచవద్దు. పొగ తలుపులకు రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచవద్దు.

నిజంగా మోగితే ఏమి చేయాలి?

1. ఊరికే మోగిందేమో అని మీరు నిర్ణయించవద్దు. అది చూసి చెప్పవలసింది సిబ్బంది. మైకులో "కోడ్ రెడ్" అని వినబడితే అది అగ్నిప్రమాదం గురించి సిబ్బందికి ఇచ్చే పిలుపు.
2. మీ రోగి దగ్గరే ఉండండి. నర్సు చెప్పినట్టు చేయండి. సెలైను సూదిగాని, ఆక్సిజన్ గొట్టంగాని మీరు పీకవద్దు. వార్డు ఆక్సిజన్ వాల్వు మూయడం నర్సు పని, దానిని ముట్టుకోవద్దు.
3. మీకే ముందు పొగ కనిపిస్తే గట్టిగా కేక వేసి, దగ్గరి ఎర్ర డబ్బా నొక్కండి. గదిలో ఎవరూ లేకపోతే తలుపు మూసి రండి. మూసిన తలుపు పొగను చాలాసేపు ఆపుతుంది.
4. లిఫ్టు ఎక్కవద్దు.
5. రోగులను ముందుగా అదే అంతస్తులో పొగ తలుపు అవతలి భాగానికి మారుస్తాము. అవసరమైతేనే మెట్ల మీదుగా దించుతాము. "ఇంకా కిందికి ఎందుకు తీసుకెళ్లరు?" అని తొందరపడవద్దు.
6. పొగ నిండితే వంగి, నేలకు దగ్గరగా కదలండి. శుభ్రమైన గాలి కిందనే ఉంటుంది.
7. అగ్నిమాపక శాఖ నంబరు 101. అత్యవసర సహాయానికి 112. ఇవి మీ ఇంటి ఫోనులో కూడా రాసి ఉంచుకోండి.

మీ అపార్టుమెంటులో కూడా

మన సంఘ కుటుంబాలలో చాలామంది ఇప్పుడు అపార్టుమెంట్లలో ఉంటున్నారు. మీ భవనంలో కూడా కింద వాచ్‌మన్ గది దగ్గర ఇలాంటి ప్యానెల్ ఉండవచ్చు. ఈ ఆదివారం ఒకసారి వెళ్లి చూడండి. అసోసియేషన్ వారిని మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. పసుపు దీపం ఏదైనా వెలుగుతోందా, అయితే ఎప్పటి నుంచి? బ్యాటరీలు ఎప్పుడు మార్చారు? చివరిసారి హూటరు మోగించి చూసింది ఎప్పుడు? ఈ మూడింటికీ తేదీతో సహా జవాబు వస్తే సంతోషం. "అది ఎప్పుడూ అంతేనండీ, అలాగే వెలుగుతుంది" అని జవాబు వస్తే ఆ సంగతి తర్వాతి సమావేశంలో మొదటి అంశంగా పెట్టించండి.

నేర్చుకున్నది గుర్తుందా?

ప్రశ్న: పసుపు దీపం అంటే ఏమిటి?
జవాబు: నిప్పు కాదు. అలారం ఏర్పాటులోనే లోపం ఉంది. వెంటనే చెప్పాలి, రాయాలి.

ప్రశ్న: సైలెన్స్ నొక్కితే లోపం పోతుందా?
జవాబు: పోదు. చప్పుడు మాత్రమే ఆగుతుంది.

ప్రశ్న: గొలుసు ఒకచోట తెగినా అన్నీ పని చేస్తున్నప్పుడు తొందర ఎందుకు?
జవాబు: రెండోచోట తెగితే కొన్ని అంతస్తుల కబురు మిగతా వారికి అందదు. అందుకే మొదటిదాన్నే వెంటనే సరిచేయాలి.

ప్రశ్న: రీసెట్ ఎప్పుడు నొక్కాలి?
జవాబు: ఆ చోటికి వెళ్లి కంటితో చూసిన తర్వాతే.

ప్రశ్న: సరిచేసిన తర్వాత ఏమి చేయాలి?
జవాబు: డిటెక్టరుకు పరీక్ష పొగ చూపి, కబురు కింది ప్యానెల్ వరకు వచ్చిందో లేదో చూడాలి.

ఈసారి మీరు వార్డుకు వచ్చినప్పుడు ప్యానెల్ సన్నగా అరుస్తుంటేగాని, పసుపు దీపం కనిపిస్తేగాని, "సిస్టర్ గారూ, ఇది పుస్తకంలో రాశారా?" అని మమ్మల్ని అడగండి. మేము ఏమీ అనుకోము. రాసి ఉంటే చూపిస్తాము, రాయకపోతే మీ ఎదుటే రాస్తాము. పసిబిడ్డల గదిలో రాత్రి డ్యూటీలో ఉండే నర్సుకు మీరు చేయగలిగిన మంచి సహాయాలలో ఇది ఒకటి.